కట్టడం దెబ్బతిందా? కంపనాలు కొలిపించాలా, వేరే పరీక్ష చేయించాలా: విశాఖలో ఎవరికి ఏది సరిపోతుంది

లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్ ఒకటి అనుకోండి. స్టిల్ట్‌లో పిల్లర్లకు పెచ్చులూడుతున్నాయి. లారీ వెళ్తే నేల అదురుతోందని మూడో అంతస్తు వాళ్లు అంటున్నారు. అసోసియేషన్ మీటింగులో ఎవరో ఒకరు "సెన్సర్లు పెట్టి వైబ్రేషన్ టెస్ట్ చేయిస్తే అన్నీ తెలిసిపోతాయట" అంటారు. కొటేషన్లు తెప్పిస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఒక్కో కంపెనీ ఒక్కో పరీక్షను అదే పేరుతో పిలవడమే దానికి కారణం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రం దగ్గరున్న మామూలు అపార్ట్‌మెంట్‌కు కంపన పరీక్ష మొదటి పరీక్ష కాకూడదు. ఫ్లైఓవర్లకు, కన్వేయర్ గ్యాలరీలకు, చిమ్నీలకు, జెట్టీలకు మాత్రం అది చాలా విలువైనది. అక్కడ కూడా, కట్టడం బాగున్న రోజుల్లోనే ఒక కొలత తీసి దాచుకుంటేనే ఆ విలువ పూర్తిగా దక్కుతుంది.

ముందు మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

వైబ్రేషన్ టెస్ట్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. పక్క స్థలంలో బండ కొడుతున్నారు, ఆ అదురుకు మా గోడలు పగులుతాయా అన్నది ఒకటి. మా కట్టడం ఇప్పటికే బలం కోల్పోయిందా అన్నది రెండోది. ఇవాళ బాగానే ఉంది, రేపు తుఫాను వచ్చినా ఏదైనా ఢీకొట్టినా లోపల మార్పు వచ్చిందో లేదో తెలియాలి అన్నది మూడోది. మొదటిదానిలో బయటి నుంచి వచ్చే అదురు ఎంతో కొలుస్తారు. మిగతా రెండింటిలో కట్టడం తనంతట తాను ఏ వేగంతో ఊగుతుందో కొలుస్తారు. పరికరాలు చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. రిపోర్టులో మాత్రం అక్కడ సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని ఉంటుంది, ఇక్కడ ఇన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని ఊపులు) అని ఉంటుంది.

పక్కింటి రాక్ బ్రేకర్ సంగతి

విశాఖలో మొదటి ప్రశ్న అడిగేవాళ్లే ఎక్కువ. ఇది కొండల ఊరు. చాలాచోట్ల ఖోండలైట్ రాయి కొద్ది లోతులోనే తగులుతుంది, సెల్లార్ తవ్వాలంటే రాక్ బ్రేకర్ దిగాల్సిందే. ఈ ప్రశ్నకు ఖరీదైన విశ్లేషణ ఏదీ అవసరం లేదు. నేల అదురును మూడు దిశల్లో కొలిచే జియోఫోన్ అనే సెన్సర్ ఉన్న సీస్మోగ్రాఫ్‌ను, పని జరిగే వైపున, మీ ఇంటి పునాది దగ్గర బిగిస్తే చాలు.

హద్దుల కోసం చాలామంది జర్మన్ ప్రమాణం డీఐఎన్ 4150 మూడో భాగాన్ని చూస్తారు. అదురు 10 హెర్ట్జ్ లోపు ఉన్నప్పుడు పునాది దగ్గర హద్దు మామూలు ఇళ్లకు సెకనుకు 5 మి.మీ., వాణిజ్య, పారిశ్రామిక భవనాలకు 20 మి.మీ., సున్నితమైన పాత కట్టడాలకు 3 మి.మీ. వన్ టౌన్‌లోని పాత సున్నపు గోడల ఇళ్లకు నేనైతే 3నే పట్టుకుంటాను. మనిషికి సెకనుకు 0.3 మి.మీ. దగ్గరే అదురు తెలుస్తుంది. అంటే గిన్నెలు కదిలి మీకు టెన్షన్ పుట్టించే అదురు చాలాసార్లు గోడకు హాని చేసే స్థాయికి దూరంగానే ఉంటుంది. అందుకే మనకు అనిపించేదాన్ని వదిలి అంకెను నమ్మాలి.

దీంతో పాటు పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది: పక్కవాళ్లు పని మొదలుపెట్టక ముందే మీ ఇంట్లో ఉన్న ప్రతి పగులునూ పక్కన స్కేలు పెట్టి, తేదీతో ఫొటో తీసుకోండి. తర్వాత గొడవ వస్తే సెన్సర్ అంకెల కంటే ఆ ఫొటోలే ఎక్కువ పనికొస్తాయి.

కంపనంలో కట్టడం గురించి ఏం తెలుస్తుంది

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వింటాం. బీట ఉంటే మోత మారుతుంది. కంపన పరీక్షలన్నిటికీ మూలం ఇదే. ప్రతి కట్టడానికీ కొన్ని సహజ పౌనఃపున్యాలు (ఫ్రీక్వెన్సీలు) ఉంటాయి, అంటే తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకెలు. అవి దాని దృఢత్వం మీద, బరువు మీద ఆధారపడతాయి. దృఢత్వం తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, కానీ వర్గమూలం లెక్కన. దృఢత్వం 10 శాతం పోతే ఫ్రీక్వెన్సీ సుమారు 5 శాతమే పడిపోతుంది.

ఇటుక గోడలున్న భవనాలకు మన భూకంప డిజైన్ ప్రమాణం ఐఎస్ 1893 ఒక చిన్న సూత్రం ఇస్తుంది: ఎత్తును 0.09తో గుణించి, ఊగే దిశలో భవనం పొడవు వర్గమూలంతో భాగిస్తే ఒక ఊపుకు పట్టే సెకన్లు వస్తాయి. 15 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవు ఉన్న అపార్ట్‌మెంట్‌కు అది 0.39 సెకను, అంటే 2.6 హెర్ట్జ్. ఇది డిజైన్ కోసం వేసే అంచనా. నిజంగా కొలిస్తే ఫ్రీక్వెన్సీ తరచూ ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి "కోడ్ ప్రకారం 2.6 రావాలి, మీకు 3.1 వచ్చింది, అంటే బిల్డింగ్ భేష్" అని రాసిన రిపోర్టును నమ్మకండి.

అసలు చిక్కు మరొకటి. అంతస్తుకు 200 చదరపు మీటర్లు, ఐదు శ్లాబులు, 16 పిల్లర్లు ఉన్న భవనానికి లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరుకు 1.1 టన్ను చొప్పున మొత్తం 1,100 టన్నులు. ఊగేటప్పుడు పై శ్లాబు ఎక్కువ, కింది శ్లాబు తక్కువ కదులుతాయి. అందువల్ల మొదటి ఊపులో లెక్కకొచ్చే బరువు 480 టన్నుల దాకా ఉంటుంది. మేడ మీద 10,000 లీటర్ల ట్యాంకు నిండితే పైన పది టన్నులు కలుస్తాయి, ఫ్రీక్వెన్సీ దాదాపు 1 శాతం తగ్గుతుంది. ఇప్పుడు కింద ఒక పిల్లర్ తన దృఢత్వంలో 30 శాతం పోగొట్టుకుందనుకోండి. 16 పిల్లర్లలో అది ఒకటి కాబట్టి ఆ అంతస్తుకు తగ్గేది 2 శాతం లోపే. మొత్తం భవనం ఫ్రీక్వెన్సీలో తగ్గేది 0.3 శాతం దగ్గర. ఒక పిల్లర్ ప్రమాదకరంగా దెబ్బతిన్నా వచ్చే మార్పు, ట్యాంకు నిండితే వచ్చే మార్పులో మూడో వంతే. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో రాసుకోకుండా చేసిన కొలతలో ఆ పిల్లర్ ఎలా కనిపిస్తుంది?

ఇది నా లెక్కతో ఆగిపోయే మాట కాదు. 1993లో అమెరికాలోని న్యూమెక్సికోలో, అల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే నది మీదున్న ఐ-40 పాత వంతెనను కూల్చే ముందు, దాని ఉక్కు గర్డర్‌ను నాలుగు దశల్లో కోసి కొలిచారు. మొదట 2.48 హెర్ట్జ్ ఉన్నది రెండు దశల కోత తర్వాత 2.52కు చేరింది, తగ్గనే లేదు. మూడో దశలో 2.46. గర్డర్ అడుగు పట్టీ (కింది ఫ్లాంజ్) పూర్తిగా తెగిపోయాకే 2.30కి పడింది. స్విట్జర్లాండ్‌లో జెడ్24 అనే కాంక్రీట్ వంతెనను 1998లో కూల్చే ముందు దాదాపు ఏడాది పాటు కొలిచారు. చలికి పైనున్న తారు గడ్డకట్టి బిగుసుకున్నప్పుడు ఫ్రీక్వెన్సీలు బాగా పెరిగాయి. ఆ తర్వాత కావాలని చేసిన కొన్ని నష్టాల వల్ల వచ్చిన మార్పు దానికంటే చిన్నది. మనకు గడ్డకట్టే చలి లేదు కానీ మే నెల ఎండ ఉంది, వానాకాలంలో పునాది కింద నానే మట్టి ఉంది, జెట్టీలకైతే ఆటుపోట్లు ఉన్నాయి. వీటిని పక్కన పెట్టి అంకెను చదవడం కుదరదు.

ఉప్పుగాలి తిన్న పిల్లర్లకు ఏది ముందు

బీచ్ రోడ్డు వెంబడి భవనాల అసలు శత్రువు తుప్పు. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీట్‌లోకి దిగి ఊచను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము మునుపటి కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, అందుకే కాంక్రీట్ పగిలి పెచ్చులూడుతుంది. ఈ క్రమంలో తొలి ఏళ్లలో దృఢత్వం ఏమాత్రం మారదు. లోపల తుప్పు నడుస్తున్నా ఫ్రీక్వెన్సీ అలాగే ఉంటుంది. కంపన పరీక్ష "అంతా బాగుంది" అంటుంది, ఆ మాట మీ ప్రశ్నకు జవాబు కాదు.

అలాంటి చోట నేను ముందు కవర్ మీటర్ పట్టిస్తాను. ఊచల మీద కాంక్రీట్ మందం ఎంతో అది చెబుతుంది. తీరప్రాంతపు గాలి నేరుగా తగిలే కాంక్రీట్‌కు కాంక్రీట్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం 45 మి.మీ., సముద్రపు తుంపర పడేచోట 50 మి.మీ. అడుగుతుంది. పాత భవనంలో 20 మి.మీ. కనబడితే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. తర్వాత హాఫ్‌సెల్ పరీక్ష: రాగి-రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో ఊచ వోల్టేజీని కొలిచినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే, ఆ చోట తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతం పైనే. మైనస్ 200 కంటే పైన ఉంటే తుప్పు లేకపోవడానికి అంతే అవకాశం. కాంక్రీట్ పొడిలో క్లోరైడ్ ఎంతుందో ల్యాబ్‌లో చూపించాలి. కొత్తగా చెక్కిన కాంక్రీట్ మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు రాని మేర కార్బనేషన్ జరిగిందని, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఊచను కాపాడే క్షారగుణం పోయిందని అర్థం. ఇవన్నీ ఒక్కో పిల్లర్‌ను విడిగా చూస్తాయి. మీకు కావలసింది అదే: ఏ పిల్లర్‌కు మరమ్మతు, ఏది ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

రీబౌండ్ హ్యామర్ చవక, అందరి దగ్గరా ఉంటుంది, కానీ అది చూసేది కాంక్రీట్ పై పొర గట్టిదనాన్నే. పాత కాంక్రీట్ మీద కార్బనేషన్ వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. కాంక్రీట్ లోపలికి ధ్వని తరంగాన్ని పంపి దాని వేగం చూసే అల్ట్రాసోనిక్ పల్స్ పరీక్షతో కలిపి చేయిస్తేనే నమ్మండి. ఒక శ్లాబు బరువు మోస్తుందా లేదా అన్నదే అనుమానమైతే లోడ్ టెస్ట్ ఉంది. ఐఎస్ 456 ప్రకారం సొంత బరువుకు తోడు, వాడుకలో వచ్చే బరువుకు 1.25 రెట్లు 24 గంటలు ఉంచుతారు. తీసేశాక 24 గంటల్లో వంపులో 75 శాతం తిరిగి రావాలి.

లారీ వెళ్తే నేల అదరడం చాలావరకు సౌకర్యం సమస్య, భద్రతతో దానికి సంబంధం తక్కువ. ఆ ఒక్క శ్లాబు మీద సెన్సర్ పెట్టి, మడమతో గట్టిగా తొక్కి కొలిస్తే విషయం తేలిపోతుంది.

కంపన పరీక్ష ఎక్కడ గెలుస్తుంది

పొడుగ్గా, పలచగా ఉండి, మనిషి దగ్గరికి పోయి తట్టి చూడలేని కట్టడాలకు ఇది మంచి ఎంపిక. ఆసీల్‌మెట్ట, ఎన్ఏడీ ఫ్లైఓవర్ల లాంటివి, పోర్టులో ఖనిజం మోసే కన్వేయర్ గ్యాలరీలు, ఉక్కు కర్మాగారం చిమ్నీలు, రిఫైనరీ పైపు ర్యాకులు, ఎత్తైన వాటర్ ట్యాంకులను మోసే స్తంభాల చట్రం (స్టేజింగ్). వీటిలో బరువు మోసే ఊతాలు తక్కువ, కాబట్టి ఒకటి దెబ్బతిన్నా ఊపు మారుతుంది. పునాది చుట్టూ మట్టి కోసుకుపోవడం, వంతెన బేరింగ్ బిగుసుకుపోవడం, బోల్టుల జాయింట్ వదులవ్వడం లాంటివి కంపనాల్లో బాగా పట్టుబడతాయి. బేరింగ్ బిగుసుకుంటే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది కూడా. అందుకే అంకె తగ్గిందా అని మాత్రమే చూడకూడదు, ఎటు మారినా అడగాలి.

ఏ స్థాయి జవాబు కావాలన్నది ఖర్చును తేలుస్తుంది. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో ఆండర్స్ రైటర్ 1993లో తన పరిశోధనలో చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: నష్టం ఉందా, ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుంది. మొదటి మెట్టుకు నాలుగైదు సెన్సర్లు చాలు. రెండో మెట్టుకు కట్టడం ఊగే ఆకారాన్ని, అంటే మోడ్ షేప్‌ను గీయాలి, దానికి ఎక్కువ చోట్ల కొలవాలి. నాలుగో మెట్టు కంపనాలతో మాత్రమే చెబుతామనే కొటేషన్‌ను నేను పక్కన పెట్టేస్తాను. పగులు ఎలా పెరుగుతుందో, రోజూ ఎంత బరువు పడుతుందో తెలియకుండా ఆయుష్షు చెప్పడం కుదరదు.

ఎక్కడ ఉందో చెప్పే పద్ధతుల్లో మోడ్ షేప్ వంకరను, అంటే కర్వేచర్‌ను చూసేది 1991లో పాండే, బిశ్వాస్, సమ్మాన్ ప్రతిపాదించారు. బీమ్‌లో బలం తగ్గిన చోట వంకర పెరుగుతుంది, ఆలోచన చక్కనిది. కానీ కొలిచిన ఆకారాన్ని రెండుసార్లు అవకలనం చేయాలి, అప్పుడు కొలతలోని చిన్న తప్పు పెద్దదవుతుంది. సెన్సర్లు దగ్గర దగ్గరగా లేకపోతే లేని నష్టాన్ని చూపిస్తుంది. కట్టడం ఎంత వంగగలదో లెక్కగట్టే ఫ్లెక్సిబిలిటీ పద్ధతి ఇంతకంటే నిలకడైనది, తొలి రెండు మూడు మోడ్లతోనే, అంటే ఊగే తీరులతోనే పని జరుగుతుంది. డ్యాంపింగ్ (ఊపు ఎంత త్వరగా చల్లారుతుందన్నది) మారింది కాబట్టి నష్టం ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డ్యాంపింగ్ అంకె ఒకే రోజు రెండుసార్లు కొలిచినా చాలా తేడా వస్తుంది. మెషిన్ లెర్నింగ్ పేరుతో వచ్చేవి ఏడాది పొడవునా డేటా ఉన్నచోట ఉష్ణోగ్రత ప్రభావాన్ని వేరు చేయడానికి నిజంగా ఉపయోగపడతాయి. ఒక్క రోజు కొలతకు ఆ పేరు పెట్టడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

ఎలా ఊపాలి అన్నదానిలో నా ఓటు సహజమైన ఊపుకే. సుత్తితో కొట్టడం ఒక శ్లాబుకో, చిన్న ఫుట్ బ్రిడ్జికో సరిపోతుంది. షేకర్ యంత్రంతో ఊపాలంటే ట్రాఫిక్ ఆపాలి, క్రేన్ కావాలి. మనకు సముద్రపు గాలి ఉంది, వాహనాలు ఉన్నాయి, అవే కట్టడాన్ని ఊపుతూ ఉంటాయి. తొలి ఊపుకు పట్టే సమయానికి 1,000 నుంచి 2,000 రెట్లు రికార్డు చేయాలన్నది వాడుక. 2.6 హెర్ట్జ్ భవనానికి అది సుమారు 6.5 నుంచి 13 నిమిషాలు, అరగంట తీస్తే నిశ్చింతగా ఉంటుంది. ఫ్యాక్టరీల్లో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. 1,480 ఆర్పీఎం మోటారు 24.7 హెర్ట్జ్ దగ్గర పదునైన శిఖరం చూపిస్తుంది. అది కట్టడానిది కాదు. వీలైతే మోటారు ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి కొలిపించండి.

సెన్సర్ల బేరం

ఇక్కడే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది. చూడాల్సిన అంకె ఒకటే: సెన్సర్ తన సొంత గోల, అంటే నాయిస్, ఎంత? గురుత్వ త్వరణంలో పది లక్షల వంతును మైక్రో-జీ అంటారు. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఎంపీయూ 6050 అనే కదలిక కొలిచే చిప్‌కు 10 హెర్ట్జ్ మేర కలిపితే నాయిస్ 1,200 మైక్రో-జీ దాటుతుంది. ఐదంతస్తుల భవనం మామూలు రోజున పైకప్పు దగ్గర ఊగేది తరచూ పదుల మైక్రో-జీల్లో. భవనం మాట ఆ గోలలో వినపడదు. మొబైల్ ఫోన్ పరిస్థితి కాస్త మెరుగు, అంతే. ఏడీఎక్స్ఎల్ 355 లాంటి మంచి మెమ్స్ (చిప్ మీదే అతి చిన్న కదిలే భాగం ఉండే రకం) చిప్ 80 మైక్రో-జీ దగ్గర ఉంటుంది. వాహనాలకు కొన్ని వేల మైక్రో-జీ ఊగే ఫ్లైఓవర్‌కు అది హాయిగా సరిపోతుంది, భవనానికి గాలి బాగా ఉన్న రోజున అంచుల్లో పనిచేస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టు చేయాలనుకుంటే ఫుట్ బ్రిడ్జి మీద ఈ చిప్‌తో మొదలుపెట్టమంటాను.

ఒత్తిడికి విద్యుత్ పుట్టించే స్ఫటికంతో కొలిచే పీజో యాక్సిలరోమీటర్లు చిమ్నీ ప్లాట్‌ఫారాలకు, గ్యాలరీలకు దృఢమైనవి. కానీ చాలా రకాలు అర హెర్ట్జ్ కంటే కింద సరిగా కొలవవు, పొడవైన చిమ్నీ తొలి ఊపు అక్కడే ఉండొచ్చు. భవనాలకు, జెట్టీలకు, నిదానంగా ఊగే వేటికైనా ఫోర్స్ బ్యాలెన్స్ రకమే (లోపలి బరువును కదలకుండా పట్టి ఉంచడానికి ఎంత బలం కావాలో కొలిచేది) మేలు. ఖరీదెక్కువ, అందుకే కొనకుండా అద్దెకు తీసుకోవడం నయం. శాశ్వతంగా బిగించేవైతే పెట్టె, కేబుల్ జాయింట్లు ఉప్పుగాలికి తట్టుకుంటాయా అని అడగండి. తీరంలో సెన్సర్ కంటే ముందు కనెక్టర్ పోతుంది. దాన్ని నష్టమనుకుని కంగారుపడే రోజులూ వస్తాయి.

కొటేషన్‌లో ఏం రాయించుకోవాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని తాకినప్పుడు, తుఫానుకు ముందు కొలిచి పెట్టుకున్న కట్టడానికి ఆ తర్వాతి వారంలోనే పోల్చి చూసుకునే వీలుండేది. లేనివాళ్లకు కంటితో చూసిందే ఆధారం. కాబట్టి కొత్త వంతెన, కొత్త జెట్టీ, కొత్త గ్యాలరీ అప్పగించే రోజునే తొలి కొలత కాంట్రాక్టులో ఉండాలి. పాత కట్టడమైతే పెద్ద మరమ్మతు పూర్తయిన వెంటనే తీయించండి. వీలైతే వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి, శీతాకాలంలో ఒకసారి తీస్తే మామూలు హెచ్చుతగ్గులు ఎంతో తెలుస్తాయి.

రిపోర్టులో ఫ్రీక్వెన్సీ పక్కన దాని అనిశ్చితి ఉండాలి. కొలిచిన గంట, గాలి ఉష్ణోగ్రత, ట్యాంకుల్లో నీటి మట్టం, జెట్టీ అయితే పోటు ఎత్తు రాయాలి. సెన్సర్లు బిగించిన చోట్లకు ఫొటోలు, గోడ మీద చెరిగిపోని గుర్తులు ఉండాలి, మళ్లీ కొలిచేవాళ్లు సరిగ్గా అక్కడే పెట్టడానికి. అన్నిటికంటే ముఖ్యం, శుద్ధి చేయని అసలు డేటా ఫైళ్లు మీ చేతికి రావాలి, గ్రాఫులు మాత్రమే ఇస్తే తీసుకోవద్దు. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉండకపోవచ్చు. ఆ ఫైళ్లు ఉంటే చెన్నైలోని కట్టడాల ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఎస్ఈఆర్‌సీ లాంటి సంస్థలో పనిచేసేవారైనా, మీ వీధిలోని యువ ఇంజినీరైనా వాటిని తెరిచి కొత్త కొలతతో పోల్చగలరు.